పాత కాపీ

2020 డిసెంబర్ 2. తార్నాకలో బైండింగ్ షాపు. థీసిస్ ఐదు కాపీలూ తయారయ్యాయి. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. జిగురు ఇంకా ఆరలేదు.

స్కాలర్ ఆరేళ్ల కష్టం అది. విషయం, క్లౌడ్‌లో ఫైళ్లు దాచే అమెజాన్ ఎస్3. అప్పట్లో అందులో ఉన్న ఫైలు మీద కొత్తది రాస్తే, చదివేవాడికి కాసేపు పాతదే రావచ్చు. కొత్తగా పెట్టిన ఫైలు లిస్టులో కనిపించకపోవచ్చు. అమెజాన్ దాచిందేమీ లేదు, ఒప్పందమే అంత. పెద్ద డేటాను లెక్కగట్టే హడూప్‌లో మొదటి జాబ్ వంద ఫైళ్లు రాస్తే రెండో జాబ్‌కు తొంభైతొమ్మిదే దొరకొచ్చు. ఎర్రర్ రాదు. లెక్క తప్పుతుంది. అందుకని హడూప్ వాళ్లు ఎస్3గార్డ్ కట్టారు. ఏయే ఫైళ్లున్నాయో అమెజాన్ డేటాబేసు డైనమోడీబీలో వేరే చిట్టా రాసిపెట్టేదది. అంతకుముందే నెట్‌ఫ్లిక్స్ అలాంటిదొకటి రాసుకుంది. స్కాలర్ ఇంకా చవగ్గా నడిచే చిట్టా కనిపెట్టాడు.

డబ్బులిస్తుంటే ఫోన్‌లో వార్త వచ్చింది. 2006 నాటి ఆ ఒప్పందాన్ని అమెజాన్ ముందురోజే మార్చేసింది. ఇకమీదట రాసిన మరుక్షణం ఎవరు చదివినా కొత్తదే వస్తుంది. లిస్టూ అంతే. అన్ని రీజియన్లలో, పైసా అదనంగా తీసుకోకుండా.

చిట్టాతో పనిలేదు.

ఆటోలో క్యాంపస్‌కు పరిగెత్తాడు. గైడు వార్త చదివారు. అట్ట మీద అక్షరాలు చూశారు.

"బైండింగ్‌కు ఎంతయింది?"

"కాపీకి నాలుగొందలు సార్."

"సబ్మిట్ చేసెయ్. కొత్త సంగతి అందరికీ ఒకేసారి చేరదు. నువ్వు రాసిందే కదా."

ఏడాదిన్నరకు వైవా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. ఆయన కాపీ నిండా పెన్సిల్ గీతలు. చిట్టా గురించి గంటసేపు అడిగారు. ఎస్3 ఇప్పుడెలా ఉందని మాత్రం అడగలేదు. చివర్లో, "ఈ సమస్య ఇంకా చాలాకాలం ఉంటుంది," అన్నారు. చప్పట్లు. సమోసాలు.

కారు దాకా సాగనంపుతూ స్కాలర్ ఉండబట్టలేకపోయాడు.

"సార్, 2020 డిసెంబర్‌లో అమెజాన్..."

"ఒకటో తారీఖు," అన్నారాయన సీటు బెల్టు పెట్టుకుంటూ. "నా స్టూడెంట్ థీసిస్ కూడా దీనిమీదే. వచ్చే నెల మీ సార్ దగ్గరికి వాల్యుయేషన్‌కు వస్తోంది."