గోడల గుణదోషములు

గృహనిర్మాతలు పూర్వకాలమునుండియు గాలికి కిటికీలను, వెలుతురునకు మండువాను, తుదకు వాననీటికి తూమును విడిచిరే గాని, రేడియో తరంగమను అతిథి యొకటి పుట్టి గదిగదికిని పోవలసివచ్చునని తలంపలేదు. అందులోను మా పెదనాన్నగారు తొమ్మిదంగుళముల ఇటుక గోడలను, ఇనుము దట్టించిన స్లాబులను పట్టుదలతో వేయించి, మూడంతస్తుల మేడను తరంగములకు దుర్భేద్యము గావించిరి. హాలులో రౌటరు వెలుగుచునే యుండును. మేడమీద ఆఫీసు మీటింగునకు కూర్చున్న మా తమ్ముడు మాత్రము కర్తను గదిలో చెప్పి, క్రియకై మెట్లమీదికి పరుగెత్తవలసినదే.

అందుచే సైట్ సర్వే చేయు యువకుని రప్పించితిమి. అతడు ముక్కాలి స్టాండునకు యాక్సెస్ పాయింటును తగిలించి, ల్యాప్‌టాప్‌లో ఇంటి ప్లానును తెరచి, నాలుగడుగులు నడచి ఒక నొక్కు, మరి నాలుగడుగులు నడచి మరొక నొక్కుగా గదులన్నియు తిరుగుచుండ, ఇంటిల్లిపాదియు వెంటనంటితిమి. "కాస్త దూరంగా ఉండండి సార్, మనిషి ఒళ్లు కూడా సిగ్నల్ తాగేస్తుంది" అని అతడు ప్రాధేయపడెను. దేహమున నీరే హెచ్చు గదా!

తెరపై వచ్చునవన్నియు ఋణసంఖ్యలే: హాలులో మైనస్ 40, వంటింట మైనస్ 82. "వంటింట్లోనే ఎక్కువొచ్చిందే!" అని పెద్దమ్మ సంతసించెను. ఇవి అప్పువంటివనియు, ఎంత తక్కువైన నంత మేలనియు, మాటలు తెగకుండవలెనన్న మైనస్ 67కు దిగజారరాదనియు, మూడు డెసిబెల్లు పోయిన బలము సగమనియు, పది పోయిన పదవవంతే మిగులుననియు అతడు విన్నవించగా, "ఇంత వడ్డీ మా ఊళ్లో ఎవరూ తీసుకోరు నాయనా" అని ఆమె తీర్పు చెప్పెను.

దోషి వంటింటి గోడ కానుకొనియున్న నిలువుటద్దపు బీరువాయని తేలినది. ఒళ్లంతయు ఇనుము, అద్దము వెనుక లోహపు పూత, ఇక తరంగమునకు దారి యెక్కడ? అది పెద్దమ్మ పుట్టింటివారు పెట్టినది. "బీరువా కదలదు, మీ డబ్బానే కదుపుకోండి" అనుటతో విజ్ఞానశాస్త్రము వెనుకంజ వేసినది. ఇంతకన్న అవమానకరమైన విషయము, అదే వంటింట పొరుగువారి వైఫై మైనస్ 60తో మాదానికన్న ధాటిగా విహరించుచుండుట. 2.4 గిగాహెర్ట్జ్ త్రోవలో ఒండొంటిపై పడక మసలగలవి 1, 6, 11 అను మూడు చానళ్లేయట. మా వీధివారందఱును, మాతోకూడ, 6 పైననే కాపురముండిరి. 5 గిగాహెర్ట్జ్ త్రోవ విశాలమే గాని, ఆ తరంగములు గోడను చూచిన డీలాపడునట.

కడకు అంతస్తునకొకటి చొప్పున, నడవ కప్పునకు యాక్సెస్ పాయింట్లు బిగించి, వానికి కేబుళ్లు లాగుట నిర్ణయమైనది. బిగించిన పిదప జనము నిండుగా నున్నప్పుడు మరల కొలిచిననే నిజము తేలునని యువకుడనెను.

"అయితే సంక్రాంతికి రా నాయనా," అనెను పెద్దమ్మ, "అరిసెలు కూడా ఉంటాయి."