బహుళంగా ఓఆర్ఎస్

తయారై గోదాముల్లో ఉన్న సరుకును అమ్ముకోనివ్వాలని ఒక పానీయాల కంపెనీ అడగడమూ, ఆహార ప్రమాణాల సంస్థ ఆ కంపెనీ వాదన విని తేల్చేవరకు అమ్ముకోవచ్చునని ఢిల్లీ హైకోర్టు 2025 అక్టోబరు 17న తాత్కాలికంగా అనుమతించడమూ ఆ వారం పత్రికల్లో వాణిజ్య వార్తలుగా అచ్చయ్యాయి గాని, నిజానికి అవి వ్యాకరణ వార్తలు. ‘ఓఆర్ఎస్’ అనే మాటను పానీయాల పేర్లలో వాడరాదన్న ఉత్తర్వు అక్టోబరు 14న వెలువడితే, మూడు రోజులు తిరిగేసరికి ఆ మాట కొత్తగా తయారయ్యే డబ్బా మీద తప్పుగాను, పాత డబ్బా మీద ఒప్పుగాను స్థిరపడింది. ప్రకరణాన్ని బట్టి పదానికి అర్థం మారుతుందని పూర్వ లాక్షణికులు చెప్పారే తప్ప, తయారీ తేదీని బట్టి మారుతుందనేంత దూరం వారి ఆలోచన సాగలేదు.

ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి ‘బహుళం’ అనే పారిభాషిక పదం అవసరమవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవారికి పరిచితమైన ఈ పదం ప్రకారం, సూత్రం విధించిన కార్యం ఒకచోట జరుగుతుంది, దానిని ప్రవృత్తి అంటారు. ఒకచోట జరగదు, అది అప్రవృత్తి. ఒకచోట జరిగినా జరగకున్నా ఒప్పే, అది విభాష. మరొకచోట విధించినది కాక వేరొకటి జరుగుతుంది, అది అన్యకార్యం. ఒకే సూత్రానికి నాలుగు ఉదాహరణలూ వరుసగా చూపమంటే భాషాప్రవీణ విద్యార్థులు నీళ్ళు నమిలేవారు. ఆ నీళ్ళలో చక్కెర, ఆపిల్ రుచి కలిపి, ముద్రవేసిన డబ్బాలో పోసి, నాలుగు ఉదాహరణలనూ దేశానికి అందించిన ఘనత భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థది.

2022 ఏప్రిల్ 8న ఆ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాల మీద ‘ఓఆర్ఎస్’ అని రాయరాదని ఆదేశించింది; ఇది అప్రవృత్తి. అదే ఏడాది జులై 14న, ఆ మూడక్షరాలకు ముందో వెనుకో మరేదైనా తగిలించి వ్యాపార నామంగా వాడుకోవచ్చునని, కాకపోతే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ కాదు’ అన్న అర్థం వచ్చే వాక్యం డబ్బా మీద అచ్చువేయాలని సెలవిచ్చింది, ఇది ప్రవృత్తి. ముందు చేరే దానిని ఉపసర్గ అనీ, వెనుక చేరే దానిని ప్రత్యయం అనీ అంటారు కనుక, ఒక ప్రభుత్వ సంస్థ ఆహార పదార్థాల రంగంలో చేసిన తొలి సంధికార్యంగా జులై ఉత్తర్వును గుర్తించవలసి ఉంటుంది.

ఇలా ఏర్పడిన పదం ఏ సమాసం అన్న ప్రశ్నకు బహువ్రీహి అన్నదే సమాధానం. సమాసంలోని పదాలను విడిచిపెట్టి వాటి బయట ఉన్న మరో వస్తువును చెప్పేది బహువ్రీహి. ‘ముక్కంటి’ అన్నప్పుడు మూడు కళ్ళు కాక శివుడు స్ఫురించినట్లే, ‘ఓఆర్ఎస్’ అని ఉన్న ఈ డబ్బాను చూసినప్పుడు విరేచనాలలో పోయిన నీటినీ లవణాలనూ నోటి ద్వారా తిరిగి అందించే మిశ్రమం కాక, పళ్ళరసం పోలిక గల తీపినీరు స్ఫురించాలి. స్ఫురించకపోతే, విగ్రహవాక్యం డబ్బా మీదే చీమతలకాయంత అక్షరాల్లో ఉండనే ఉంది. పద్దెనిమిది నెలల బిడ్డకు ఆరోసారి విరేచనమైతే, ఆ బిడ్డను భుజాన వేసుకుని రాత్రి పదకొండు గంటలకు మందుల షాపు ముందు నిలబడే తల్లి, షాపులోని వ్యక్తి ‘పొడి ప్యాకెట్టా అమ్మా, జ్యూసా? పొడి కలిపితే పిల్లలు తాగరు, ఇది ఆపిల్ ఫ్లేవరు’ అన్నప్పుడు, డబ్బాను వీధి దీపం కిందికి తీసుకువెళ్ళి, ఆ విగ్రహవాక్యాన్ని అన్వయించి, సమాసాన్ని నిర్ణయించి, అటుపైన డబ్బు చెల్లించాలని సంస్థ ఆశించింది. అసలు వినియోగదారుడైన బిడ్డకు ఇంకా పలక చేతికి రాలేదన్నది వ్యాకరణ పరిధిలోకి వచ్చే ఆక్షేపణ కాదు. ఆ బిడ్డ గటగటా తాగేస్తాడు. పసిపిల్లల సరుకు ఏదైనా ఇంట్లో నెగ్గే పరీక్ష అదొక్కటే, తీపి ఆ పరీక్షలో ఎన్నడూ తప్పలేదు.

ఈ వ్యాకరణానికి పూర్వరంగం లేకపోలేదు. చక్రాల చట్రంలో పసివాడిని కూర్చోబెట్టి ‘వాకర్’ అని పేరు పెట్టడమూ, అది నడక నేర్పదని పిల్లల వైద్యులు చెబుతూనే ఉన్నా, కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించినా, ఇక్కడ మొదటి పుట్టినరోజు కానుకగా అది చెల్లుబాటు కావడమూ బహువ్రీహే. పాలలో కలిపే పొడులను ‘హెల్త్ డ్రింక్’ అనడమూ ఆ కోవలోదే. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదని 2024లో గాని ఎవరికీ తోచలేదు.

ఇక 2025 అక్టోబరు నాటి విభాష. నిల్వ ఉన్న సరుకు మీద పేరు చెల్లింది, కొత్త సరుకు మీద చెల్లలేదు. ఈ సూత్రాన్ని ఒక్క పక్షానికే వర్తింపజేయడం శాస్త్రమర్యాద అనిపించుకోదు. సరుకుకు పాతా కొత్తా ఉన్నప్పుడు రోగానికీ ఉండాలి. అక్టోబరు 14కు ముందు మొదలైన విరేచనాలను పాత నిల్వగా పరిగణించి పాత డబ్బాలు పట్టించాలి, తరువాత మొదలైన వాటికి పొడి ప్యాకెట్టు ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచర్లు ఇంటింటికీ తిరిగి మొదటి విరేచనపు తేదీని రిజిస్టరులో ఎక్కించాలి. పదమూడో తేదీ అర్ధరాత్రి దాటుతుండగా మొదలైన కేసులను సంధిగత విరేచనాలుగా గుర్తించి, పూర్వపరాల నిర్ణయానికి ఒక పండిత సంఘాన్ని వేయాలి. ఇన్ని చేసినా గోదాములు ఖాళీ కాకపోతే, మిగిలిన సరుకుకు సరిపడా విరేచనాలను రాష్ట్రాల వారీగా కేటాయించడం తప్ప గత్యంతరం ఉండదు.

ఆ కేటాయింపు కూడా అనవసరమే కావచ్చు, ఎందుకంటే బహుళంలోని నాలుగోదైన అన్యకార్యం ఆ పనిని పిల్లల పేగుల్లో తానే చేస్తుంది. చిన్నపేగు గోడలో గ్లూకోజు, సోడియం ఒకదాని చేయి ఒకటి పట్టుకుని లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. ఓఆర్ఎస్ పనిచేసే కిటుకు ఇదే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు అంత కచ్చితంగా ఉంటాయి: లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. చక్కెర ఆ మోతాదును దాటిపోతే, పేగులోని చిక్కదనం శరీరంలోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనం ఆగడానికి బదులు పెరుగుతుంది. ఈ పేర్లతో అమ్ముడైన పానీయాలలో కొన్నింట లీటరుకు వంద గ్రాములకు మించి చక్కెర ఉందని హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళుగా చెబుతూ వచ్చారు. రోగం తగ్గుతుందని నమ్మి తల్లి తన చేత్తో పట్టించినదే రోగాన్ని పెంచుతుందన్న మాట వినడానికి ఒక దేశపు ఆహార సంస్థకు ఎనిమిదేళ్ళు పట్టింది, ఆ మధ్యలో ఒకసారి నిషేధించి, మూడు నెలలకే ఉపసర్గలూ ప్రత్యయాలూ వెతికి మరీ దారి తెరిచింది. అయిదేళ్ళలోపు పిల్లలు ప్రపంచంలో ఏటా నాలుగు లక్షల నలభై వేల మంది విరేచనాలతో చనిపోతున్నారని తెలిసిన వారెవరూ ఆ పేరును అద్దెకివ్వరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోతే, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి కలరా రోగులను బతికించిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ పేరుకు విలువ తెచ్చారు. ఆయన 2022 అక్టోబరులో, అంటే జులై ఉత్తర్వు వచ్చిన మూడు నెలలకు కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది, ఆయన పనితో నమ్మకం సంపాదించుకున్న మూడక్షరాలు మాత్రం అప్పటికే తీపినీళ్ళ డబ్బా మీద ఉన్నాయి.

గోదాముల్లో మిగిలిన సరుకు ఎవరికి నష్టమన్నది ఆ వారమంతా చర్చకు వచ్చింది. నష్టం రానివ్వాలి. షాపుల అలమారాల్లో ఉన్నదాన్నీ గోదాముల్లో ఉన్నదాన్నీ వెనక్కి తెప్పించి మోరీలో పోయించాలి, ఆ ఖర్చు కూడా తయారుచేసినవారి దగ్గరే వసూలు చేయాలి.