ముప్పై ఆరు ఫ్రేముల దీక్ష

ఫిలిం స్వామిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ఆదివారం తెల్లవారుతూనే చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ పట్టుకుని నిలబడి ఉంటాడు. చూపు మాత్రం చార్మినార్ మీద ఉండదు, ఆకాశం మీద ఉంటుంది. "వెలుతురు ఇంకా కుదర్లేదు" అంటాడు, మనం అడక్కపోయినా. మెడలో వేలాడే కెమెరా వయసులో అతనికంటే పెద్దది. జేబులో లక్ష రూపాయల ఫోను ఉంటుంది గానీ దాంతో ఫోటో తీయడు. వెలుతురు కొలిచే యాప్ ఒకటి అందులో వేసుకుని, ఆ అంకెలు చూసి పాత కెమెరా చక్రాలు తిప్పుకుంటాడు. వారమంతా గచ్చిబౌలిలో కూర్చుని ఏఐకి ఫోటోలు గుర్తుపట్టడం నేర్పుతాడు. శని, ఆదివారాల్లో యంత్రాల మీద విరక్తి ప్రకటిస్తాడు.

ఇలాంటివాళ్లు ఇప్పుడు ఆఫీసుకొకరు, బంధువర్గానికొకరు తేలుతున్నారు. మా బంధువర్గం వాటా మా పిన్ని కొడుకు. ఆ కెమెరా మెళ్లో పడ్డాక మాటతీరు మారింది, నడక మారింది, నొక్కేముందు బిగబట్టి బిగబట్టి ఊపిరి కూడా మారింది. అందుకే ఇంటిల్లిపాదీ వాణ్ణి స్వామీ అనే పిలుస్తాం. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకైనా మండలం దాటాక విరమణ ఉంటుంది. వీడికి ముప్పై ఆరు ఫ్రేములు పూర్తయితే మళ్లీ ఇంకో ముప్పై ఆరు.

కెమెరా దొరికింది ఎర్రగడ్డ సండే మార్కెట్లో. పెంటాక్స్ కె-1000. ఒకప్పుడు ఇలాంటివి పాత ఇస్త్రీపెట్టెల పక్కన దుమ్ముకొట్టుకుని పడుండేవి. ఇప్పుడు అమ్మేవాళ్లూ తెలివిమీరారు. స్వామి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్న తీరు చూసి "వింటేజ్ సార్" అన్నాడట అమ్మేవాడు. ఆ ఒక్క మాటకు రెండు వేలు పెరిగాయి. ఇంటికొచ్చి లెన్సు లైటుకెత్తి చూస్తే లోపల బూజు. కోఠీలో ఒక పెద్దాయన ఓపిగ్గా విప్పి, తుడిచి, "షట్టరు బాగానే ఉంది బాబూ, మీటరే చచ్చిపోయింది" అన్నాడు. స్వామి బాధపడలేదు సరికదా, "మీటరు లేకపోతే మరీ స్వచ్ఛం" అని పొంగిపోయాడు.

కలర్ రోలు ఒకటి వెయ్యికి పైమాటే. కడగడానికీ స్కాన్ చేయడానికీ ఇంకో అయిదారొందలు. అంటే ఒక్కో నొక్కుకూ నలభై, యాభై రూపాయలు. అందుకని స్వామి నొక్కడు. గురిపెడతాడు, ఆలోచిస్తాడు, దించేస్తాడు. మా పిన్ని నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టి, విసుక్కుని వంటింట్లోకి తిరిగేటప్పుడు నొక్కుతాడు. దాన్ని క్యాండిడ్ అంటాడు.

రోళ్ల నివాసం ఫ్రిజ్‌లో, దోసెల పిండి వెనక. గడువు దాటిన రోళ్లకైతే మరీ గిరాకీ. రంగులు ఎటు తిరుగుతాయో తెలియకపోవడమే వాటి గొప్పట. 2009లోనే గడువు ముగిసిన రోళ్లు ఎక్కణ్ణుంచో సంపాదించి దాచుకుంటే, ఫ్రిజ్ కడిగే రోజున పిన్ని వాటినీ పాత దగ్గుమందునూ కలిపి చెత్తబండిలో వేసేసింది. ఆ రోజు స్వామి అన్నం ముట్టలేదు. "తేదీ చూసే పారేశాన్రా. నువ్వు తేదీ చూసే కొన్నావని నాకేం తెలుసు?" అంది పిన్ని.

ఇంటికొచ్చినవాళ్లెవరైనా "రీళ్లు ఇంకా దొరుకుతున్నాయా బాబూ?" అన్నారా, కోడాక్ పురాణం మొదలు. 1975లో ఆ కంపెనీలోనే స్టీవ్ శాసన్ అనే కుర్ర ఇంజినీరు డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. దీంతో ఏమవుతుందిలే అనుకున్నారు పెద్దలు. 2012 జనవరిలో కంపెనీ దివాలా పిటిషను వేసింది. ఇక్కడికొచ్చేసరికి స్వామి గొంతు బొంగురుపోతుంది. కాసిని మంచినీళ్లు తాగి ఉత్తరకాండ అందుకుంటాడు. 2018లో కోడాక్ వాళ్ల ఎక్టాక్రోమ్ ఫిల్ము మళ్లీ వచ్చింది. 2023 చివర్లో ఇంగ్లండులో హార్మన్ వాళ్లు ఫీనిక్స్ అని కొత్త కలర్ ఫిల్ము తీశారు. 2024లో పెంటాక్స్ 17 పేరుతో ఏకంగా సరికొత్త ఫిల్ము కెమెరాయే దిగింది. అందులో ఫోటోకు సగం ఫ్రేమే ఖర్చవుతుంది, ముప్పై ఆరు రోలుకు డెబ్భై రెండు వస్తాయి. అది మాత్రం స్వామికి నచ్చలేదు. "దీక్షలో డిస్కౌంటు ఏమిటి?" అన్నాడు. చివర్లో రాజా దీన్‌దయాళ్‌కు దణ్ణం పెట్టుకుని పురాణం ముగిస్తాడు. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన ఆ మహానుభావుడు గాజుపలకల మీద తీశాడు నిజమే. అయితే అప్పట్లో కొత్త సరంజామా అంటే అదే. ఇవాళ ఉంటే డ్రోను వదిలేవాడని నా అనుమానం. స్వామితో ఈ మాట అనలేదు, ఇంట్లో పండగ ఉంది.

ఎగతాళికేం గానీ, ఫిల్ము బతుకుతుందా అని నన్నడిగితే బతుకుతుందనే చెబుతాను. అయితే స్వాముల పుణ్యం ఒక్కటే చాలదు. రోచెస్టర్‌లో కోడాక్ వాళ్లు ఫిల్ముకు పూత పూసే యంత్రం భవనమంత ఉంటుంది. ఆదివారం నాడు చార్మినార్ దగ్గర ఒకడు తటపటాయిస్తూ నొక్కే రోలు కోసం అది తిరగదు. హాలీవుడ్ వాళ్లు మైళ్ల లెక్కన కొంటున్నారు కాబట్టి తిరుగుతోంది. 2023లో వచ్చిన ఓపెన్‌హైమర్ కోసం అంతకుముందు లేని 65 ఎంఎం నలుపు-తెలుపు ఫిల్మును పనిగట్టుకుని చేసిచ్చారు. మనవాళ్లు ఆ మోజు వదులుకుని చాలాకాలమైంది, 2015 నాటి బాహుబలే డిజిటల్ కెమెరాల పని. ఆ ఓపెన్‌హైమర్ తీసిన నోలనే 2018లో ముంబయి దాకా వచ్చి ఫిల్మును కాపాడుకోండని మన సినిమావాళ్లకు చెప్పి వెళ్లాడు. ఆయన కొత్త సినిమా ప్రకటిస్తే స్వామి ఇంట్లో పాయసం.

ఇంత తపస్సు చేసి తీసిన ఫోటోలు చివరికెక్కడ తేలతాయి? ల్యాబువాళ్లు స్కాన్ చేసి లింకు పంపిస్తారు. అదే లక్ష రూపాయల ఫోనులో తెరిచి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. మా మేనకోడలు ఒక ఫిల్టరు నొక్కి, అవే రంగులు, అదే గ్రెయిన్ అరక్షణంలో తెప్పించి చూపించింది. స్వామి చాలాసేపు పరీక్షగా చూసి, "ఇందులో బాధ లేదు" అని ఫోను తిరిగిచ్చేశాడు.

ఆ బాధ అసలు సిసలుగా ఎలా ఉంటుందో తెనాలిలో మామయ్య మనవరాలి పెళ్లిలో చూశాం. పెళ్లివారు మాట్లాడుకున్న బృందం డ్రోనుతో, మూడు కెమెరాలతో మండపం ఆక్రమించింది. స్వామి వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి జీలకర్ర-బెల్లం తీశాడు, మంగళసూత్రం తీశాడు, తలంబ్రాలు తీశాడు. ముప్పై ఆరు దాటినా లివరు తిరుగుతూనే ఉంది. రోలుకు ఒకటో రెండో ఎక్కువ రావడం మామూలే, అదొక వరం. కానీ నలభై రెండోది కూడా వచ్చేసరికి ఆ మొహంలో రంగు మారింది. రీవైండు మీట పొద్దుణ్ణుంచి ఒక్కసారైనా కదల్లేదు. చాటుకెళ్లి వెనకమూత తీస్తే, ఫిల్ము నాలుక స్పూలులో పట్టుకోనే లేదు. వేసినప్పుడెలా ఉందో అలాగే బయటికొచ్చి వెక్కిరిస్తోంది.

పరుగున వెళ్లి "పంతులుగారూ, ఆ జీలకర్ర-బెల్లం ఇంకొక్కసారి..." అన్నాడు.

"రెండోసారి పెట్టించాలంటే పెళ్లికొడుకును మార్చాలి నాయనా" అన్నారాయన, మంత్రం ఆపకుండానే.

మామయ్య తెనాలిలో ముప్పై ఏళ్ల పైచిలుకు స్టూడియో నడిపాడు. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో, హైపో కంపు, నెగటివు మీద సన్నటి పెన్సిలుతో మశూచి మచ్చలు మాయం చేయడం, అన్నీ చూసినవాడు. డిజిటల్ రాగానే ఎన్‌లార్జరును పాతసామాన్లవాడికిచ్చి స్టీలు బిందె తీసుకున్నాడు. ఈ సంగతి తెలిసిన రోజున స్వామి ఆ బిందెలో నీళ్లు తాగనన్నాడు. అలాంటి మామయ్య భోజనాల దగ్గర వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రోలు తిరక్కపోతే అంత కుమిలిపోతావేంట్రా? నువ్వు తెలియక తీశావు. నేను తెలిసే తీసేవాణ్ణి."

"అంటే?"

"పెళ్లివాళ్లు ఒప్పుకునేది రెండు రోళ్లకి. వచ్చే చుట్టాలేమో నాలుగొందలమంది. ప్రతివాడూ వచ్చి పెళ్లికూతురు పక్కన నిలబడతాడు. తీయనంటే వాడు అలుగుతాడు, తీస్తే పిల్ల తండ్రి నా పీకమీద కూర్చుంటాడు. అందుకని ఉత్త ఫ్లాష్ కొట్టేవాణ్ణి. మెరుపు పడితే చాలు, సంతోషంగా పంక్తిలోకి వెళ్లేవాళ్లు."

ఫిల్ము అంటే నిజాయితీ అని వందమందికి చెప్పిన నోరు కాసేపు పెరుగన్నం నమల్లేదు. "మరి ఫోటో ఏదని అడిగితే మామయ్యా?"

"ఆల్బం చేతికొచ్చేసరికి మూణ్ణెల్లు. అప్పటిదాకా ఎవడికి గుర్తుంటుంది? గట్టిగా అడిగితే కడగడంలో పోయిందనేవాణ్ణి."

ఆ సాయంత్రమే అటక మీంచి నెగటివుల డబ్బాలు దిగాయి. స్వామి ముట్టుకోవాలంటే భయపడ్డాడు. మామయ్యకు అలాంటి భయమేమీ లేదు. "ఇవన్నీ నా ఫోనులోకి ఎక్కించరా" అన్నాడు. ఆ కోరిక తీర్చడానికి స్వామి అప్పు చేసి, మాక్రో లెన్సుతో సహా మంచి డిజిటల్ కెమెరా కొన్నాడు. సెలవు దొరికితే చాలు, తెనాలి వెళ్లి లైటుపలక మీద నెగటివులు పరిచి ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఊళ్లో సంగతి పాకింది. జనం పెళ్లినాటి కవర్లు పట్టుకుని వస్తున్నారు.

మొన్న సంక్రాంతికి ఒకావిడ వచ్చారు. "బాబూ, 1986లో మా అక్క పెళ్లిలో మా నాన్నా నేనూ కలిసి నిలబడ్డాం. మీ మామయ్యగారే తీశారు. ఫ్లాష్ కళ్లల్లో కొట్టింది, నాకు బాగా గుర్తు. ఆ ఫోటో ఆల్బంలో లేదు. నెగటివు ఉందేమో చూడు" అన్నారు.

స్వామి ఆ ఏడాది డబ్బాలన్నీ తిరగేశాడు. మామయ్య అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"కడగడంలో పోయినట్టుంది ఆంటీ" అన్నాడు స్వామి.

"పోనీలే. వచ్చాను గదా, ఇప్పుడొకటి తియ్యి. ఆ కొత్తదాంతో వద్దు, మెళ్లో దాంతోనే. మా నాన్న కాలం నాటిదిలా ఉంది" అని ఆవిడ చెంగు సర్దుకున్నారు.

మెళ్లోదాంట్లో ముప్పై ఆరూ పొద్దున్నే అయిపోయాయి. కొత్త రోలు హైదరాబాదులో దోసెల పిండి వెనక ఉంది. స్వామి మామయ్య వంక చూశాడు. మామయ్య పేపరు తిరగేశాడు.

"కొంచెం ఇటు తిరగండి ఆంటీ" అన్నాడు స్వామి, ఊపిరి బిగబట్టి. "ఆఁ, నవ్వండి."