మేకలు పోతయి సారూ

యాభై దాటిన మగవాడికి డాక్టర్లు రెండే మందులు రాస్తారు. ఒకటి పరగడుపున మింగే మాత్ర, రెండోది నడక. నాకు నడక పడదు. నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ ఆపి, శంకర్‌పల్లి వైపు గజం ఎంతుందో చెప్తాడు. అందుకని సైకిలు కొన్నాను. మామూలు సైకిలు కాదు, మౌంటెన్ బైకు. ఇరవై ఒక్క గేర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, టైర్ల నిండా మొసలి వీపు మీదున్నట్టు గుబ్బలు. కొట్టువాడు "ఇది ఎట్లాంటి కొండైనా ఎక్కుద్ది సార్" అన్నాడు. కొండ దాకా ఎట్లా వెళ్తుందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. పెళ్ళిచూపుల్లో గురక గురించి ఎవరడుగుతారు?

మా బామ్మర్ది శాన్‌హొసేలో ఉంటాడు. ఫొటో పంపానో లేదో ఫోను చేశాడు.

"బావా, కారు డిక్కీలో వేసుకుని మాత్రం వెళ్ళకు. మోటుగా ఉంటుంది. ఇక్కడ మేమంతా రైల్లోనే. కాల్‌ట్రెయిన్‌లో సైకిళ్ళకి వేరే చోటుంటుంది, ఒక్కో రైల్లో 70కి పైగా పడతాయి. బస్సయితే ముక్కు మీద ఇనప స్టాండు ఉంటుంది. దించి, సైకిలు తగిలించి, లోపలికెళ్ళి కూర్చోవడమే."

"దిగేటప్పుడు ఉంటుందా?"

"ఏంటి?"

"సైకిలు."

ఆ ప్రశ్న అతనికి అర్థం కాలేదు. అతను దేశం వదిలి పదిహేనేళ్ళయింది.

తర్వాత నాకు రంగుల పాఠం చెప్పాడు. కొండ బాటలకి అక్కడ గుర్తులుంటాయట. ఆకుపచ్చ గుండ్రం ఉంటే కొత్తవాళ్ళకి. నీలం చదరం ఉంటే కాస్త చెయ్యి తిరిగినవాళ్ళకి. నల్ల డైమండ్ ఉంటే ముదుర్లకి. రెండు నల్ల డైమండ్లుంటే ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళకి. చివరిది నేను కలిపాను. "నువ్వు ఆకుపచ్చ దాటకు బావా, అక్క నన్ను చంపేస్తుంది" అన్నాడు.

ఈ ఆట పుట్టింది కూడా వాళ్ళకి దగ్గర్లోనే. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరుంది. 1976 అక్టోబరులో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత బరువు సైకిళ్ళేసుకుని ఓ కొండ మీంచి మట్టి దారిలో పందెం దిగారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికొచ్చేసరికి హబ్బులో గ్రీజు కాగి పొగలై పోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది కాబట్టి ఆ దారికి రిప్యాక్ అని పేరొచ్చింది. ఆ గుంపులోని గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్ళే తర్వాత కొండ సైకిళ్ళు తయారుచేసి పేరు తెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996 అట్లాంటాలో ఆ ఆట ఒలింపిక్స్‌కెక్కింది. సరిగ్గా ఆ ఇరవై ఏళ్ళలోనే మనం సైకిలు దిగి స్కూటరెక్కాం, స్కూటరు దిగి మారుతి ఎక్కాం.

"అంతా బానే ఉంది, ఆ కుర్రాళ్ళు కొండ పైకెట్లా వెళ్ళేవాళ్ళు?" అనడిగాను.

"ట్రక్కులో వేసుకుని" అన్నాడు కాస్త తగ్గి.

సరే, మనకి మారిన్ లేకపోతే వికారాబాద్ ఉంది. పేరు విని మొహం తిప్పుకోకండి. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చిన ఊరది. 1874లో నిజాం రాజ్యానికి వాడి నుంచి సికింద్రాబాద్ దాకా మొదటి రైలు దారి పడ్డప్పటి నుంచీ బండి ఆ వైపుగానే పోతోంది. స్టేషన్ నుంచి ఆరేడు కిలోమీటర్లు ఎక్కితే అనంతగిరి. పద్మనాభస్వామి గుడి, ఎర్రమట్టి బాటలు, సీతాఫలం చెట్లు. మూసీ అక్కడే పుడుతుంది. పుట్టినప్పుడు శుభ్రంగానే ఉంటుంది, నమ్మండి.

దారిలో పూడూరు వైపు దామగుండం అడవి ఉంది. సిటీ కుర్రాళ్ళు ఆదివారాలు సైకిళ్ళేసుకుని తిరిగే చోటది. 2024 అక్టోబరులో అక్కడ నౌకాదళం రేడియో స్టేషన్‌కి శంకుస్థాపన జరిగింది. సముద్రానికి ఇంత దూరంలో నౌకాదళమేంటని అడక్కండి, నీళ్ళ కింది జలాంతర్గాములతో మాట్లాడే రేడియో అది, ఊరవతల ఎత్తయిన చోటు కావాలి. ఎత్తయిన చోటే మాకూ కావాలి. జలాంతర్గామి గెలిచింది. నా జాబితాలోంచి దామగుండం కొట్టేసి అనంతగిరి ఉంచాను.

సిటీలోనే తొక్కుకోవచ్చుగా అంటారా? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, నెత్తిన సోలార్ పలకల కప్పు, 2023 అక్టోబరులో తెరిచారు. మంచి పని, కాదనను. అక్కడ ఎండ తగలదు, కొండా తగలదు. పైగా అక్కడికి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్ళకన్నా కారు వెనక కట్టుకొచ్చేవాళ్ళే నా కంటికి ఎక్కువ కనపడ్డారు. సైకిలు తొక్కడానికి కారు తప్పనిసరైన నగరంలో నేను పంతం పట్టాను. రైలో, బస్సో. మూడోది లేదు.

ముందు బస్సు. ఏ రూటో చెప్పను, పాపం కండక్టరు మంచివాడు. ఆ బస్సులో రెండు కోళ్ళున్నాయి, నాలుగు బియ్యం మూటలున్నాయి, రేపటి పెళ్ళికి పోతున్న డ్రెస్సింగ్ టేబుల్ ఒకటుంది. అద్దంలో నా మొహం కూడా కనపడింది. సైకిలు చూసి కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకప్పుడు బస్సు వెనక నిచ్చెన ఉండేది, టాపు మీద సైకిలు పడుకోబెట్టి తాడు బిగించేవాళ్ళు. ఇప్పుడా నిచ్చెనా లేదు, ఆ తాడూ లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, ఆఖరి ప్రయత్నంగా అడిగాను.

"పోనీ లేడీస్ సైకిలైతే ఎక్కనిస్తావా?"

"ఆధార్ చూపించమనుండ్రి" అన్నాడు.

ఇక రైలు. నగరంలో ఒకానొక స్టేషన్లో లగేజీ కిటికీ దగ్గరికి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. నిజానికి నడిపించింది తక్కువ, మోసింది ఎక్కువ. ఫుట్‌బ్రిడ్జి మెట్లు అరవై పైచిలుకు. బామ్మర్ది చెప్పిన రంగుల లెక్కలో ఆ మెట్లు నల్ల డైమండ్. కొండ ఇంకా యాభై కిలోమీటర్ల దూరంలో ఉండగానే నేను ఆయాసంతో బెంచీ వెతుక్కున్నాను.

కిటికీలో పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, నా సైకిలు వంక చూడకుండానే అడిగాడు. "ట్యాంకు ఖాళీ చేశారా?"

"ఏ ట్యాంకండీ?"

"పెట్రోలు ట్యాంకు."

"సైకిలండీ."

"ఏదైనా రూలు రూలే. ట్యాంకు లేదని రాసివ్వండి." రాసిచ్చాను. "గోనెపట్టా చుట్టించాలి. పేరు, దిగే ఊరు రాసిన అట్ట కట్టాలి. బ్రేకు వ్యాన్లో వేస్తారు. సైకిలు ప్యాసింజర్ల పెట్టెలోకి రాకూడదు." ఇదీ సబబుగానే ఉంది. అసలు మాట ఆ తర్వాత చెప్పాడు. "వికారాబాద్‌లో బండి ఆగేది ఒకటో రెండో నిమిషాలు. ఆ లోపల దింపకపోతే వాడికి పోతుంది."

"ఎవడికండీ?"

"వాడికి."

"అదే, ఎవడికని అడుగుతున్నా. నా సైకిలు వాడెవడికో ఎందుకు పోతుంది?"

"వాడి జంక్షనండీ బాబూ! కర్ణాటకలో ఉంది. అక్కడికెళ్ళి తెచ్చుకోవాలి."

గోనెపట్టాకి, కూలీకి, బుకింగుకి కలిపి లెక్కేసుకుంటే సైకిలు ప్రయాణం నా ప్రయాణం కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. అదీ కర్ణాటక దాకా పోవచ్చు, నేనేమో వికారాబాద్‌లోనే దిగాలి. ఇద్దరం విడివిడిగా ఆదివారం గడపడానికి నేనంత డబ్బు పోసి దాన్ని కొనలేదు.

మా ఎదురింటి రిటైర్డ్ బ్యాంకాయన ఉపాయం చెప్పాడు. చక్రాలు రెండూ ఊడదీసి, ఫ్రేముకి ఆనించి కట్టి, గుడ్డ చుట్టేస్తే అది సైకిలు కాదు, మూట. మూటకి మన రైళ్ళలో ఏనాడూ చోటు లేకపోలేదు. మర్నాడు తెల్లవారుజామున మా ఆవిడ ఇచ్చిన పాత తెల్ల దుప్పటి చుట్టి, మూడు చోట్ల తాడు బిగించి, ముందు ఆయన, వెనక నేను భుజానికెత్తుకున్నాం. ప్లాట్‌ఫారం మీద జనం తప్పుకుని దారిచ్చారు. అంత మర్యాద ఈ ఊళ్ళో నాకెప్పుడూ జరగలేదు. టీ కొట్టు దగ్గర ఒక ముసలమ్మ కళ్ళజోడు తీసి దణ్ణం పెట్టింది. "చిన్న వయసేనా నాయనా?" అని కూడా అడిగింది. కొని రెండు నెలలే అయిందని చెప్పబోయి ఊరుకున్నాను.

పెట్టెలో టీసీ వచ్చాడు. మూట వైపు గడ్డంతో చూపించాడు.

"కుట్టుమిషను. మా అత్తగారిది" అన్నాడు బ్యాంకాయన. ముప్పై ఏళ్ళు అప్పులు ఎగ్గొట్టేవాళ్ళతో మాట్లాడిన గొంతు, ఎక్కడా వణకలేదు.

టీసీ ఒక్క క్షణం దుప్పటి చివర బయటికొచ్చిన పెడలు వంక చూశాడు. "కాలితో తొక్కేదా?" అని, నవ్వి, వెళ్ళిపోయాడు. ఆయనకి వందనం.

వికారాబాద్‌లో చక్రాలు బిగించాక టైర్లలో గాలి చాలదని తేలింది. స్టేషన్ బయట సైకిలు షాపు ముసలాయన పంపు పట్టుకుని వంగాడు. పిన్ను చూసి నిటారయ్యాడు. "ఇది సన్న పిన్ను. మా పంపు పట్టది." తర్వాత సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "క్యారేజీ లేదు. స్టాండు లేదు. మడ్‌గార్డు లేదు. బెల్లు లేదు. ఎంత పెట్టి కొన్నరు?" నేను ధర సగానికి తగ్గించి చెప్పాను. ఆయన దానికే గోడకి చెయ్యి ఆనించాడు. ఆ గోడకి ఆయన అట్లాస్ సైకిలుంది, నల్లగా, నిబ్బరంగా. ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించిన రెండేళ్ళకి, 2020లో సరిగ్గా ఆ జూన్ 3నే, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని తన చివరి ఫ్యాక్టరీకి తాళం వేసింది. ఇట్లాంటి వ్యంగ్యం రాయడం మా కాలమిస్టుల వల్ల కాదు.

గాలి తక్కువైతే మట్టి దారిలో పట్టు బాగుంటుందని బామ్మర్ది చెప్పింది గుర్తొచ్చి, అట్లాగే బయల్దేరాం, నేను సైకిలు మీద, బ్యాంకాయన నడిచి. ఘాట్ రోడ్డు ఎక్కడానికి మాకు గంటన్నర పట్టింది. ఇరవై ఒక్క గేర్లలో నేను వాడింది ఒక్కటే, అన్నిటికన్నా చిన్నది. దానికన్నా చిన్నదుంటే అదే వాడేవాణ్ణి. పైన విశ్రాంతిగా అరటిపండ్లు తీశాం. అనంతగిరి కోతులకి పండ్ల సంచి జిప్పు తియ్యడం తెలుసు, నాకే కొంచెం టైము పడుతుంది.

అసలు సంగతి బాట. ఆకుపచ్చ గుండ్రం కోసం చెట్లన్నీ వెతికాను. గుడి జాతర పోస్టరు తప్ప ఇంకేమీ లేదు. అంతలో ఒక మేకల కాపరి కనపడ్డాడు, భుజాన గొంగడి, చేతిలో కర్ర.

"అన్నా, ఈ బాట తేలికేనా?"

"మేకలు పోతయి సారూ."

ఇంత సూటిగా ఏ బోర్డు చెప్పగలదు? ధైర్యమొచ్చి సీటెక్కాను. అతను వెనక నుంచి, "మొన్న ఒకటి జారింది గానీ..." అన్నాడు.

ఆగాను. "ఏమైంది దానికి?"

"ఏం గాలే. అది సూడి మేక, కడుపు బరువుకు జారింది." అని నా పొట్ట వైపు ఒకసారి, బాట వైపు ఒకసారి చూసి, మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

దిగేటప్పుడు సీటు కిందికి దించాలి, ఒళ్ళు వెనక్కి వెయ్యాలి, ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా నొక్కకూడదు, చూపు రాయి మీద కాదు, రాయి పక్కన దారి మీద ఉండాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు. నేను రాయినే చూశాను, ముందు బ్రేకే నొక్కాను. సీతాఫలం చెట్టు మెత్తనిదే, ఎర్రమట్టి ఇంకా మెత్తన. లేచి చూసుకుంటే మోచెయ్యి గీసుకుంది తప్ప ఏమీ కాలేదు. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు, అబద్ధమెందుకు, పదో క్లాసులో చేతులొదిలేసి తొక్కినప్పుడు ఎట్లా ఉందో అట్లా ఉంది. నోట్లో దుమ్ము పడుతున్నా నవ్వు ఆగలేదు. బ్యాంకాయన అయితే ఈల వేశాడు.

కొండ ఆకుపచ్చే. మేక మాట నిజం. నలుపంతా ఆ దారికి ముందుంది, కండక్టరు చేతి దగ్గర, అరవై మెట్ల దగ్గర, ట్యాంకు లేదని రాసిచ్చిన కాగితం దగ్గర.

అయ్యా రైలువారూ, కొచ్చి మెట్రోలో సైకిలు లోపలికి తీసుకెళ్ళనిస్తున్నారు, మన దేశంలోనే. మేం వేరే పెట్టె అడగడం లేదు. వికారాబాద్ వైపు వెళ్ళే ప్యాసింజరు బండిలో, ఆదివారం ఒక్కరోజు, ఆఖరి పెట్టెలో ఆఖరి నాలుగు సీట్లు తీసేసి గోడకి నాలుగు కొక్కేలు బిగించండి. సైకిలుకీ టికెట్టు కొంటాం, కావాలంటే ఫుల్ టికెట్టే. అప్పటిదాకా మా తెల్ల దుప్పటి ఉతికి ఆరేసి పెట్టాను. ప్లాట్‌ఫారం మీద కనపడితే కంగారుపడి దణ్ణం పెట్టకండి. ఒక చెయ్యి వెయ్యండి, చాలు.