మూడు రెక్కలే చూశాను

ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. నాకు విమానాల పిచ్చి. పైన చప్పుడు వినబడితే కంచం వదిలేసి డాబా ఎక్కుతాను. ఎవరు ఏ ఫొటో చూపించినా, వాళ్ళు అడగడం పూర్తికాకముందే పేరు చెప్పేస్తాను. "తెలియదు" అనాలంటే ప్రాణం పోయినంత పనవుతుంది. ఈ జబ్బు మీకూ ఉండే ఉంటుంది. విమానాల్లో కాకపోతే మామిడిపళ్ళలోనో, పాత పాటల్లోనో.

రేపల్లె మేనల్లుడు ఇటలీ వెళ్ళి, అక్కడ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్న విమానం నమూనా ఫొటో పంపాడు. పేరుపలక ఫొటోలో పడలేదు. "మావయ్యా, ఇదేంటి?" అన్నాడు. ఒకదాని మీద ఒకటి మూడు రెక్కలు కనిపించాయి, అంతే. "రెడ్ బారన్ నడిపిన ఫోకర్ రా!" అనేశాను. వాడు మురిసిపోయాడు. నేను ఇంకా మురిసిపోయాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బాపట్లలో తమ్ముడి గృహప్రవేశానికి ఆ విమానమే చేయించి ఇద్దామనిపించింది. మా తెనాలి శిల్పులు పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు నిలబెడతారు. వాళ్ళకు విమానమొక లెక్కా? ఫొటో చూసిన మేస్త్రి, "బాబుగారూ, ఇంజిన్లు మూడున్నాయి, తోకకి కాడలు రెండున్నాయి. అన్నీ వెయ్యాలా?" అని అడిగాడు. నన్ను ఒడ్డున పడెయ్యడానికి వచ్చిన మాట అది. "ఉన్నదున్నట్టు చెయ్యి, పేరు సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఎర్రరంగు వేయించాను. ఇత్తడి పలక మీద ఫోకర్ అని చెక్కించాను.

గృహప్రవేశం రోజు చుట్టాలంతా మూగారు. గొంతు సవరించుకున్నాను, రెడ్ బారన్ అని పేరుపడ్డ జర్మన్ పైలట్ రిచ్‌తోఫెన్ గురించి చెప్పాను, 1918 ఏప్రిల్ 21న ఎలా కూలిపోయాడో చెప్పాను, చప్పట్లు కొట్టారు, ఇంతలో ఆరో తరగతి చదివే తమ్ముడి కొడుకు ముందుకొచ్చి, "పెదనాన్నా, ఫోకర్‌కి ముక్కు మీద ఒకటే ఇంజిన్ కదా, దీనికి మూడెందుకున్నాయి?" అన్నాడు. అందరూ నా మొహంలోకి చూశారు, చెమటలు పట్టాయి, నోరు తెరిస్తే "అది ప్రత్యేకంగా చేసిన రకం రా" అని వచ్చేసింది.

పొరపాటు ఎవరైనా పడతారు. పసివాడి దగ్గర అబద్ధమాడానే, అదీ నన్ను నిద్రపోనివ్వనిది.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఆ ఫొటోలోది ఇటలీ వాళ్ళ కాప్రోనీ, మొదటి ప్రపంచయుద్ధంలో బాంబులు మోసిన విమానం. రెక్కల వెడల్పు దాదాపు 30 మీటర్లు. నేను చెప్పిన ఫోకర్‌ది ఏడు మీటర్ల చిల్లర. ఏనుగుని చూసి మేకపిల్ల అన్నానన్నమాట! అసలు ఇటలీ వాళ్ళు సొంతంగా చేసుకున్న తొలి విమానానికే మూడు రెక్కలు. ఫాచోలీ అనే ఆయన తయారుచేస్తే, 1909 జనవరి 13న టూరిన్ దగ్గర ఆయన కొడుకే ఎగరేశాడు. ఫొటోలోని విమానానికి పేరిచ్చిన కాప్రోనీ ఇంకా ముందుకెళ్ళి, వందమంది ఎక్కేలా తొమ్మిది రెక్కలు, ఎనిమిది ఇంజిన్లతో నీటి విమానం కట్టాడు. అది 1921 మార్చి 4న మజోరే సరస్సులో కూలిపోయింది. మిగిలిన ముక్కల్లో కొన్నిటిని మ్యూజియంలో దాచారు.

ఇంకో సంగతి నన్ను బాగా తాకింది. ఆ ఫోకర్లు 320 చేస్తే, పూర్తిగా మిగిలిన అసలుది ఒక్కటీ లేదు. ఈనాడు మనం చూసేవన్నీ నమూనాలే. అసలుది కరువైన చోట రాబోయే పిల్లలకు దిక్కు ఆ నమూనా, దాని పక్కనున్న పలక. ఆ పలకే అబద్ధం చెప్తే ఇంక వాళ్ళెవర్ని అడగాలి?

మర్నాడే తమ్ముడి కొడుకుని కూర్చోబెట్టి నిజం చెప్పేశాను. "తెలియదంటే పోయేది కదా పెదనాన్నా" అన్నాడు. విమానాన్ని మళ్ళీ తెనాలి తీసుకెళ్ళాం. మేస్త్రి ఎర్రరంగు గీకేశాడు. మూడు ఇంజిన్లూ, రెండు కాడలూ ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఆయన పనిలో మార్చాల్సింది ఏమీ లేదు, మార్చాల్సింది నా పలకే. కొత్త పలక మీద మాటలు పిల్లాడే రాశాడు: "కాప్రోనీ. ఇటలీ. నమూనా, తెనాలిలో చేసినది."

ఇప్పుడు ఎవరైనా ఫొటో పంపితే ఇంజిన్లు లెక్కపెడతాను, తోక చూస్తాను, చక్రాలు చూస్తాను. రెక్కల జోలికి ఆఖర్న వెళ్తాను. అప్పటికీ తేలకపోతే బాపట్లకి ఫోన్ చేస్తాను.