భోలు తాత

మా మనవడు సంక్రాంతికి వచ్చాడు. దిగిన రోజు వాడి ఛోటా భీమ్ ఆటలో నేను కాలియాని. మర్నాడు ఢోలుని. నాలుగోనాటికి భోలుని. ఇంకా దించాలంటే కోతి జగ్గూ ఒక్కటే మిగిలింది గానీ, ఆ వేషం అప్పటికే పక్కింటి కుక్కపిల్లకి ఇచ్చేశాడు.

ఛోటా భీమ్ ఎవరని అడిగేవాళ్లు ఈ వ్యాసం చదవక్కర్లేదు. ఇంట్లో ఆరేళ్ల గుంటడున్నాడంటే, టీవీ రిమోట్ ఎక్కడుందో తెలీకపోయినా ఢోలక్‌పూర్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

"ఒరే, ముప్పై ఆరేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణిరా. కనీసం ఇంద్రవర్మ మహారాజు వేషమైనా ఇవ్వు" అని బతిమాలాను.

"రాజు డాడీ" అన్నాడు.

డాడీ వారం నుంచి సోఫాలో పడుకుని ఫోను చూస్తున్నాడు. ఆలోచిస్తే ఇంద్రవర్మ చేసేదీ దాదాపు అదే. రాజ్యమ్మీదికి ఏ గండం వచ్చినా, అంత సైన్యాన్ని పక్కనబెట్టి తొమ్మిదేళ్ల కుర్రాడికి కబురెడతాడు. వేషం బాగానే కుదిరింది.

నా వేషమే కుదరలేదు. ఢోలు ఏదంటే దానికి తలాడించడం, గండం రాగానే ముందుగా పారిపోవడం. భోలు ఉద్యోగమంతా ఇంతే. తలాడించడానికి నాకేం ఇబ్బంది లేదు, పెళ్లయి నలభై ఏళ్లయింది. పారిపోవడం దగ్గరే చిక్కు.

"తాతా, పరిగెత్తూ!"

"మోకాళ్లు నొప్పిరా."

"భోలుకి మోకాళ్ల నొప్పులుండవు."

ఈ భీముడు ఎక్కడో పుట్టినవాడు కూడా కాదు, మన హైదరాబాద్ పుట్టుకే. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేస్తే 2008లో పోగో ఛానల్లోకి వచ్చాడు. అప్పుడు వాణ్ణి చూస్తూ అన్నం తిన్న పిల్లలు ఇంజినీరింగులు ముగించి పెళ్లిళ్లకి కార్డులు పంచుతున్నారు. భీముడికి ఇంకా తొమ్మిదేళ్లే. వాడి పెరుగుదల ఆగిపోవడానికి కారణం లడ్డూలేనని నా గట్టి అనుమానం.

లడ్డూల మాటొచ్చింది కాబట్టి ఒక లెక్క తేల్చుకోవాలి. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరివాణ్ణి, ఊరుకోలేను. లడ్డూ యాభై గ్రాములనుకోండి. అందులో సగం పంచదార. భీముడు రోజుకి ఇరవై తింటాడని తక్కువలో తక్కువ వేసుకుంటే, అర కిలో పంచదార. టన్ను చెరకు ఆడితే వచ్చేది సుమారు వంద కిలోలు. అంటే టన్ను చెరకు వాడికి రెండు వందల రోజులు. ఎకరాకి ముప్పై టన్నులు పండిందనుకుంటే ఆరువేల రోజులు, పదహారేళ్ల పైమాట. సీరియల్ మొదలైన దగ్గర్నుంచి చూసుకుంటే, ఒక ఎకరా తోట మొత్తం ఈ కుర్రాడి పొట్టలోకే పోయిందన్నమాట! ఆ ఎకరా ఎవరిది? ముచ్చెలు నాటిందెవరు, జడచుట్లు కట్టిందెవరు, చలిలో నరికి మోపులు కట్టిందెవరు? ట్రాక్టరెక్కించి, లైన్లో రాత్రంతా పడుకుని, దుప్పట్లో దోమలతో కాపరం చేసిందెవరు? ఇన్ని ఎపిసోడ్లలో ఒక్క చెరకు రైతు కనబడడు. పోనీ లడ్డూలు చుట్టిన టున్‌టున్‌కైనా డబ్బులు ముట్టాయా? ఆవిడ వెంటపడ్డం చూశాను గానీ, వసూలు కావడం చూళ్లేదు.

మా ఇంట్లో టున్‌టున్ వేషం మా ఆవిడది. పండక్కి అరిసెలు వండింది. గుండ్రంగా ఉన్నంత మాత్రాన అరిసె లడ్డూ అయిపోదని భీముడి అభ్యంతరం. అయినా ఎనిమిది తిన్నాడు.

నిజానికి పక్క వేషం మా ఊరికి కొత్త కాదు. ఫ్యాక్టరీ ఉన్నది మా గోవాడలో. కాగితాల మీద పేరు చోడవరం సహకార చక్కెర కర్మాగారం. చుట్టుపక్కల పల్లెల్లో పెనం ముందు కూర్చుని వండిన బెల్లం మార్కెట్‌కి చేరగానే అనకాపల్లి బెల్లం అయిపోతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీస్తే విశాఖపట్నం పోయి అనకాపల్లి వచ్చింది. హీరో మారాడు, మేం మాత్రం భోలులుగానే ఉన్నాం. కాకపోతే కాగితాల్లో ఏమున్నా, నోటితో మాత్రం అందరూ గోవాడ ఫ్యాక్టరీ అనే అంటారు. మా వాటాకి దక్కిన లడ్డూ అదొక్కటే.

ఈ గోడు వినలేక సోఫాలోంచి మహారాజు నోరు విప్పాడు. అమెరికావాళ్లు 2002లో 'క్లోన్ హై' అని ఒక హైస్కూలు కార్టూన్ తీశారట. చరిత్రలో పెద్దవాళ్లకి నకళ్లు తయారుచేసి ఒకే బళ్లో పడేశారు. అందులో హీరో లింకన్. గాంధీగారేమో అల్లరి చేసే స్నేహితుడు! 2003లో మన దేశంలో నిరసనలు లేచాయి. ఒక్క సీజన్‌తో, అందర్నీ మంచులో గడ్డకట్టించి, బడి మూసేశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో, మళ్లీ తెరిచారు. లింకన్ వచ్చాడు, జోన్ ఆఫ్ ఆర్క్ వచ్చింది, గాంధీగారిని మాత్రం మంచులోనే వదిలేశారు.

"చూశారా నాన్నా, అంతటాయనకే అలా అయింది, మీకేంటి?" అన్నాడు మావాడు, ఓదార్పుగా.

నేను ఓదార్పు పొందలేదు. హైస్కూలు అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

కనుమ మర్నాడు చోడవరం బజార్లో ఒకతను ఎదురొచ్చాడు. నలభై ఉంటాయి. "మాస్టారూ, బాగున్నారా? నేనండీ" అన్నాడు. "ఆఁ, నువ్వే కదా" అన్నాను. మాస్టర్లందరం నేర్చుకునే అబద్ధం ఇది. ఫస్టు వచ్చినవాళ్లందరూ నాకు గుర్తే. సుద్దముక్కల డబ్బాలో కప్పని పెట్టినవాడైతే ఇంటిపేరుతో సహా గుర్తు. "గోడపక్క మూడో బెంచీనండీ" అన్నాడతను. మూడో బెంచీ గుర్తొచ్చింది, దాని కాలు కింద పెట్టిన ఇటుక కూడా గుర్తొచ్చింది, అతను రాలేదు. నేను స్కేలు లేకుండా త్రిభుజం ఎలా గీసేవాణ్ణో గాల్లో గీసి చూపించాడు. నా చేతిలో సంచి అందుకుని ఆటోలో పెట్టి, వెళ్లొస్తానని వెళ్లిపోయాడు. పేరు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఏడాదికి రెండు వందల రోజులు, రోజూ హాజరు పిలిచే ఉంటాను.

ఆ సాయంత్రం ఆటలో ఎందుకో మారు మాట్లాడకుండా పరిగెత్తాను. ఆయాసం తీరాక మనవణ్ణి అడిగాను. "ఔన్రా, ఢోలు, భోలు కవలలు కదా, ఇద్దరూ ఒకేలా ఉంటారు కదా. ఎవరెవరో నీకెలా తెలుస్తుంది?"

వాడు నాకేసి జాలిగా చూశాడు.

"రోజూ చూస్తాను కదా తాతా."