నాలుగో గీత పడనివ్వండి

ఈమధ్య ఏ కుర్ర పైలట్‌ని కదిలించినా ఒకటే ప్రశ్న: "అంకుల్, పెద్ద ఎయిర్‌లైన్‌కి అప్లై చెయ్యనా?" చేతిలో ఏటీఆర్, అంటే చిన్న ప్రొపెల్లరు విమానం, నడిపే ఉద్యోగం ఉంటుంది. లాగ్‌బుక్కులో వెయ్యి గంటలు కూడా నిండి ఉండవు. భుజం మీద గీతలకి కొత్త మెరుపన్నా తగ్గదు. అప్పుడే మనసు ఎయిర్‌బస్ మీదికి పోతుంది.

మా రోజుల్లో ఈ బెంగే లేదు. మేమేదో ఆశలు చంపుకున్నవాళ్ళమని కాదు, పోదామంటే రెండో గుమ్మం లేదు. 1953లో ప్రభుత్వం చట్టం తెచ్చి విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసేసింది. దేశంలో తిరగాలంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్, దేశం దాటాలంటే ఎయిర్ ఇండియా. ఆ చట్టం రద్దయ్యేసరికి 1994 వచ్చింది. ఆ నలభై ఏళ్ళలో లైసెన్సు బీరువాలో పెట్టుకుని పేపర్లో ప్రకటన ఎప్పుడు పడుతుందా అని చూస్తూ బట్టతల తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. మేం బేగంపేటలో పుష్పక్ మీద నేర్చుకున్నాం. గుడ్డ తొడిగిన రెండు సీట్ల విమానం అది. గంటలు కూడబెట్టడానికే ఏళ్ళు పట్టేవి. ఇప్పుడు కోటికి అటూ ఇటూ పారేస్తే, ఫారినో ఇంకోటో వెళ్ళి ఏడాదిన్నరలో 200 గంటలూ పూర్తిచేసుకుని వచ్చేస్తున్నారు. ఆ కోటి కోసం నాన్న పొలం అమ్మితే కొడుక్కి తొందర ఉండదా అంటారేమో. ఉంటుంది. అక్కడ నేను నోరెత్తను.

మధ్యలో 1981లో వాయుదూత్ వచ్చింది. చిన్న ఊళ్ళకి విమానం అన్నమాట అప్పుడే మొదలు. కాన్పూరులో హెచ్ఏఎల్ తయారుచేసిన డార్నియర్లు, పందొమ్మిది సీట్లు. లాభం చూడకుండా ఊరూరా దిగుతూ తిరిగి తిరిగి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. నేను మొదట చేరిన చిన్న కంపెనీ అలాంటిదే, పేరెందుకులెండి, ఇప్పుడది లేదు కూడా. ఒకటో తారీకు జీతం రావడం మాకు పండగ. అయినా కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో నన్ను కూర్చోబెట్టింది అదే. అందుకే దాన్ని తిట్టాలన్నా సగం తిట్టే వస్తుంది.

ఇక నా అసలు మంట ఏమిటంటే, ఈ పిల్లలు ఏటీఆర్‌ని చూసే చూపు. పల్లెవెలుగు డ్రైవరు గరుడ బస్సు కేసి చూసినట్టు జెట్టు కేసి చూస్తారు. ప్రయాణికులు అన్నారంటే సరే, "అయ్యో, ఫ్యాన్ల విమానమా" అంటూ ఎక్కుతారు, వాళ్ళకేం తెలుసు. నడిపేవాడే సిగ్గుపడితే ఎలా?

మే నెల మధ్యాహ్నం కడపలో దిగి చూడమనండి. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్ళని కలిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు బయల్దేరినప్పుడు సిమ్లా-ఢిల్లీతో పాటు జెండా ఊపింది మన కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ విమానాలకే. అప్పట్లో కడపలో ఏరోబ్రిడ్జి లేదు, ఏమీ లేదు. ఏటీఆర్ దిగిందంటే తోక కింద ఒక ఊతకర్ర లాంటి ఇనుప స్టాండు పెట్టాలి. ఎందుకంటే జనం ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి, పెద్ద సామాను ఎక్కేది ముందు. ముందు సామాను దించేసి, వెనక జనం గుమిగూడితే తోక నేలకి కూర్చుంటుంది. నేలమీద ఉన్నప్పుడు కరెంటిచ్చి, ఏసీ నడిపే చిన్న ఇంజను పెద్ద జెట్లకి తోకలో ఉంటుంది. ఏటీఆర్‌కి అది లేదు. కుడి ఇంజనుని ఆపకుండా, ప్రొపెల్లరుకి మాత్రం బ్రేకు వేసి, ఆ ఇంజనుతోనే సరిపెట్టుకుంటారు. దాన్ని 'హోటల్ మోడ్' అంటారు. పేరు వినడానికి బాగుంటుంది గానీ ఆ ఎండలో కాక్‌పిట్లో కూర్చున్నవాడికి హోటల్లో వంటగది గుర్తొస్తుంది.

ఇప్పుడు లోడ్ షీటు వస్తుంది. ఎండ ఎక్కువ, గాలి పల్చన, రన్‌వే పొడవు ఎంతుందో అంతే. అందర్నీ, అందరి సామానునీ ఎక్కించుకుంటే బరువు మించుతుంది. ఎవరి పెట్టెలు దించాలి? పెళ్ళివాళ్ళ పెట్టెలా, హైదరాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కాల్సినవాడి పెట్టా? స్టేషన్ మేనేజరు బతిమాలతాడు: "సార్, ఈ ఒక్కసారికీ సర్దుకుందాం." అవతల హైదరాబాద్‌లో ఉరుముల మేఘం లేస్తోంది, ఆలస్యమైతే చక్కర్లు కొట్టాలి, అందుకు ఇంకాస్త ఇంధనం పోయించుకోవాలి, పోయించుకుంటే ఇంకో రెండు పెట్టెలు దిగాలి. ఇదంతా పావుగంటలో తేల్చి, సంతకం పెట్టి, మేనేజరు మొహం మాడ్చుకున్నా సరే "దించండి" అనేవాడు కెప్టెన్. పక్కన కూర్చుని అది చూసేవాడు కో-పైలట్. పెద్ద కంపెనీలో ఈ లెక్కల్లో చాలా భాగం ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళు తేల్చి పంపిస్తారు. సంతకం అక్కడా కెప్టెన్‌దే, కాదనను. కానీ ఇంతమంది మొహాల మధ్య "కాదు" అనడం చిన్న స్టేషన్లలోనే అలవడుతుంది.

చెయ్యి తిరగడం సంగతీ అంతే. ఏటీఆర్ వాడు రోజుకి నాలుగైదు సార్లు ఎక్కుతాడు, దిగుతాడు. పక్కగాలిలో, వానలో, మబ్బు కిందికి దిగినప్పుడు, అన్నిట్లో. అదే దూర దేశాలకి వెళ్ళే పెద్ద జెట్టులో పదిహేను గంటలు ఎగిరితే ఒక ల్యాండింగు. అది కూడా కాక్‌పిట్లో ఉన్న నలుగురిలో ఒక్కడికే. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు ఉండాలన్న నియమం నిలబెట్టుకోవడానికి సిమ్యులేటర్‌కి పరిగెత్తే పెద్ద పైలట్లున్నారు. ఈ మాట అంటే మా కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

"అయితే చిన్న కంపెనీలోనే ఉండిపొమ్మంటారా?" అని మీరు అడుగుతారు. అననండి. చిన్న కంపెనీల ఆయుష్షు నాకు తెలియదా? మన విజయవాడ నుంచే ఎయిర్ కోస్టా వచ్చింది, 2013లో. ఎంబ్రేయర్ జెట్లు. మరుసటి ఏడాది సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త విమానాలకి ఆర్డరిచ్చిందంటే గన్నవరం వైపు చూసి మేమంతా కాలరెగరేశాం. 2017 ఫిబ్రవరికి ఎగరడం ఆపేసింది. ట్రూజెట్ 2015లో హైదరాబాద్ నుంచి మొదలైంది, 2022లో ఆగింది. ఎయిర్ డెక్కన్ 2003లో హైదరాబాద్-విజయవాడ మొదటి ఏటీఆర్ విమానానికి ఇంజనులో మంట పుట్టి, అందులో ఉన్న వెంకయ్యనాయుడుగారితో సహా అందరూ దిగాల్సి వచ్చింది. అయినా పడిలేచి ఎగిరింది, చివరికి కింగ్‌ఫిషర్‌లో కలిసింది.

కానీ 'పెద్ద కంపెనీ అయితే భద్రం' అనే మాట మాత్రం నా ముందు అనకండి. ఆ కింగ్‌ఫిషరే 2012లో నెలలకొద్దీ జీతాల్లేకుండా మూతపడింది. పాతికేళ్ళు రాజ్యమేలిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో. ఇంజన్లు రాక విమానాలు నేలమీదే నిలబడ్డాయని గొడవ. మా రోజుల్లో ప్రభుత్వ కంపెనీలో చేరినవాడు రిటైర్మెంటు నాటి గులాబీ దండ దాకా చూసుకునేవాడు. ఇప్పుడు చిన్నదానికీ పెద్దదానికీ ఎవరూ హామీ లేరు. అందుకే నేను చూసేది కంపెనీ సైజు కాదు, పైలట్ లాగ్‌బుక్కులో 'పీ వన్' అన్న గడిలో ఎన్ని గంటలున్నాయని. కంపెనీ మూతపడ్డ మర్నాడు కెప్టెన్‌గా ఎగిరిన గంటలున్నవాడికి వచ్చే ఫోన్లు వేరు, పక్కన కూర్చున్న గంటలున్నవాడికి వచ్చే ఫోన్లు వేరు.

హైదరాబాద్ పాత కథొకటి ఉంది. నిజాం కాలంలో బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు నడిపేది. 1947లో ప్రేమ్ మాథుర్ అనే ఆవిడని పైలట్‌గా తీసుకుంది. మన దేశంలో కమర్షియల్ పైలట్ అయిన తొలి మహిళ ఆవిడే. మిగతా కంపెనీలు ఆడమనిషి నడిపితే ఎవరు ఎక్కుతారని వద్దన్నాయి. డెక్కన్ వాళ్ళు తీసుకున్నారు, కానీ కెప్టెన్ హోదా, అదే కమాండ్, ఇవ్వలేదు. ఆవిడ రాజీనామా చేసి జి.డి. బిర్లా సొంత విమానం నడిపింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. నేను చెప్పేదీ ఇదే. చిన్న కంపెనీ నిన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టేదాకా ఉండు. కూర్చోబెట్టదని తేలిపోతే క్షణం ఆగకు. జీతం, యూనిఫాం, లేఓవర్ హోటల్లో బ్రేక్‌ఫాస్టు బాగుంటుందట, ఇలాంటివన్నీ తర్వాత.

మా తమ్ముడి కొడుకు ఏటీఆర్ మీద కో-పైలట్. మొన్న ఆదివారం వచ్చి ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"పెదనాన్నా, పెద్ద కంపెనీలో జాయినింగ్ డేటే అన్నిటికీ లెక్క. ఒక్క నెల లేటైతే నాకు ముందు ఎంతమంది చేరిపోతారో తెలుసా?"

"చేరనీరా. వాళ్ళంతా కూర్చునేది కుడి సీట్లోనేగా."

వాడి బాధలో న్యాయం లేకపోలేదు. సీనియారిటీ లిస్టు అన్నది పైలట్ జాతకం. రోస్టరు, సెలవులు, కమాండు, అన్నీ దాని ప్రకారమే. పైగా ఈ ఉద్యోగంలో ఆర్నెల్లకో ఏడాదికో మెడికల్ ఉంటుంది, బీపీ ఒకటి పెరిగితే నేలమీదే. సంపాదించగలిగినన్నాళ్ళు సంపాదించుకోవాలన్న తొందరా అర్థమవుతుంది. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డరిచ్చాయని పేపర్లలో చూసి వీళ్ళందరికీ పూనకం వచ్చింది. ఆర్డరిచ్చిన విమానం రేపే వచ్చి వాలదు. ఆలస్యమైన ప్రతి విమానం వెనకా ఒక కో-పైలట్ కమాండు ఆలస్యమవుతుంది. అది ఏ ప్రకటనలోనూ రాయరు.

పెద్ద కంపెనీయే ఏటీఆర్‌లు నడిపే చోట ఉన్నవాడికి ఈ తలనొప్పి సగం తప్పింది. ఇండిగో 2017 డిసెంబరులో ఏటీఆర్‌లు మొదలుపెట్టింది, అదీ హైదరాబాద్ నుంచే. మావాడి అదృష్టం అలా లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ తరం మా తరంకన్నా నయం. నిద్ర గురించి నోరు విప్పారు. మాకు నిద్ర చాలలేదంటే నామోషీ. ఇప్పుడు కొత్త డ్యూటీ నియమాల ప్రకారం వారానికి 36 గంటలున్న విశ్రాంతి 48 అయింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి దిగాయి. 2025 నవంబరులో అవి పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి, డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసుకుని కూర్చుంది. శంషాబాద్‌లో జనం నేలమీద పడుకున్న ఫోటోలు మీరూ చూసే ఉంటారు. దేశంలోకెల్లా పెద్ద కంపెనీకి పైలట్లు చాలలేదు! పెద్ద చోట పని హాయిగా ఉంటుందనుకునేవాళ్ళు ఆ వారం పేపర్లు ఒకసారి తిరగేస్తే మంచిది. ఏటీఆర్‌లు చాలా మటుకు పగలే తిరుగుతాయి, రాత్రికి ఇంటికి చేరుస్తాయి. పెళ్ళయినవాడికి దాని విలువ తెలుస్తుంది.

పెళ్ళంటే గుర్తొచ్చింది. మా తమ్ముడి అసలు తొందర అదీ. సంబంధాలవాళ్ళు "అబ్బాయి ఏ కంపెనీ?" అని అడుగుతున్నారట. చెప్తే "అదెక్కడుందండీ?" అంటున్నారట. మా రోజుల్లో పైలట్ అంటేనే పిల్లనివ్వడానికి భయపడేవాళ్ళు, ఎప్పుడు పడతాడోనని. ఇప్పుడు విమానం మోడలు కూడా అడుగుతున్నారు.

మావాణ్ణి సూటిగా అడిగాను. "కమాండ్ అప్‌గ్రేడ్ ఎప్పుడన్నారు?"

"వచ్చే ఏడాది అన్నారు."

"కాగితం మీదా, నోటి మాటా?"

"ట్రైనింగ్ లిస్టులో పేరు పెట్టారు పెదనాన్నా."

"అయితే నాలుగో గీత పడేదాకా ఆగు. కెప్టెన్‌వయ్యాక ఏడాది గట్టిగా ఎగిరి, అప్పుడు రాయి దరఖాస్తు. లిస్టులోంచి నీ పేరు తీసేసిన రోజునైతే నాకు చెప్పక్కర్లేదు, ఆ రాత్రే పంపెయ్. నోటీసు పీరియడ్ గుర్తుందా? కో-పైలట్‌కి ఆర్నెల్లు, కెప్టెన్‌కి ఏడాది. ట్రైనింగ్ బాండ్ ఎంత మిగిలిందో కూడా చూసుకో. రాత్రికి రాత్రి మానేసి కోర్టు చుట్టూ తిరిగేవాళ్ళలో చేరకు."

తలూపాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఉండగా నాకు అనుమానం వచ్చింది.

"ఒరేయ్, కెప్టెన్‌వి కావాలంటే ఏటీపీఎల్ లైసెన్సు ఉండాలిగా. 1500 గంటలూ అయ్యాయి కదా, పేపర్లన్నీ రాసేశావా?"

చెప్పులు వేసుకుంటూ నేలకేసి చూసి, "మెటియరాలజీ ఒక్కటి మిగిలింది," అన్నాడు.

వాణ్ణి లోపలికి పిలిచి, అల్మారాలో ఉన్న నా పాత మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) పుస్తకం చేతిలో పెట్టి పంపాను. ఆ రాత్రే మా తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, సలహా చెప్పి పంపమంటే పరీక్షకి చదవమని పంపావేంటి? సంబంధం వాళ్ళు బుధవారం వస్తున్నారు, వాళ్ళకేం చెప్పను?" మబ్బుల గురించి చదువుకుంటున్నాడని చెప్పమన్నాను.